నాన్నగారి కుడి చెవి

మొన్న ఏలూరులో కళ్ళ డాక్టరు దగ్గర కూర్చుంటే, పక్కనున్న అమ్మాయి వాళ్ళాయన స్కానింగు ఫోనులో చూపించి, చెవి లోపల గడ్డటండీ, లోచెవి గుండా వెళ్ళి తీస్తారట అని బిక్కమొహం వేసింది. నాకు మా నాన్నగారు గుర్తొచ్చి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కథంతా చెప్పేశాను.

నేను తాడేపల్లిగూడెంలో టీచరుగా చేరిన కొత్తరోజులవి. ఉంగుటూరు చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నీ చేయించే నాన్నగారికి కుడి చెవి మందగిస్తే వయసనుకున్నాం. పిలిస్తే పలకరని అమ్మ అలిగేది కూడాను. తీరా నడుస్తూ తూలిపోతుంటే హైదరాబాదు తీసుకెళ్ళాం. వినికిడి నరం మీద గడ్డ, క్యాన్సరు కాదుగానీ పెరిగితే మెదడును నొక్కుతుందన్నారు. ఆ చెవి ఎలాగూ వినదు కనుక, వెనక ఎముక తొలిచి లోచెవి గుండా వెళితే ముఖం కదిపే నరం కంటికి కనబడుతుందని, దాన్ని కాపాడడానికి అదే మంచి దారని, అయినా పూచీ ఇవ్వలేనని సర్జను గారు ఓపిగ్గా చెప్పారు. మూతి వంకరపోతే పెదవులు కలవవు, ఇక మంత్రమేం పలుకుతుంది?

నాన్నగారి బెంగ వేరు. క్రతువు మధ్యలో తుమ్మొస్తే కుడి చెవి తాకి శుద్ధి అయ్యామనుకోవడం మా ఆచారం. అందులో గంగ ఉంటుందని నమ్మకం. ఆ చెవిని తొలవనివ్వనని భీష్మించుకు కూర్చున్నారు. చివరికి అమ్మే కదిలింది.

"ఏవండీ, చెవి ఎక్కడికీ పోదండి, తాకుతూనే ఉంటారు. నోరు పోతే మాత్రం మీరు మీరు కారండి."

ఆయన కుడి చెవి ఒకసారి తడిమి చూసుకుని, సరేనన్నారు.

ఆపరేషను అయ్యేదాకా అమ్మ పచ్చి మంచినీళ్ళైనా ముట్టలేదు. తెలివొచ్చాక సర్జను గారు ముఖం నరం ఎలా ఉందో చూద్దామని బుగ్గలు పూరించమంటే, తలకట్టుతో ఉన్న ఆ మహానుభావుడు అది మానేసి మంత్రపుష్పం అందుకున్నారు! గొంతు నీరసమేగానీ పెదవులు చక్కగా కలిశాయి, ఒక్క అక్షరం జారలేదు. నేను వరండాలోకొచ్చి సంతోషం పట్టలేక ఏడ్చేశాను. కొన్నాళ్ళు కొల్లేట్లో దోనె పడవ మీద నిలబడ్డట్టు తూలినా, ఆ మాఘంలోనే కైకలూరులో పెళ్ళి చేయించి, మధ్యలో తుమ్మొస్తే దర్జాగా కుడి చెవి తాకారు.

ఆ రోజుల్లో అంత దూరం వెళ్ళడమే ఒక యుద్ధం. ఇప్పుడు దగ్గర్లోనే చేస్తున్నారట, అంతకన్నా ఏం కావాలి. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ నాన్నగారికి వినబడాలని మేమంతా ఆయన ఎడమ పక్కనే నడిచేవాళ్ళం. ఆయన పోయి ఏళ్ళయింది. మొన్న మెట్లు దిగుతూ నాకు తెలియకుండానే ఆ పిల్ల ఎడమ పక్కకు చేరాను. దానికి రెండు చెవులూ వినబడతాయి, నా అలవాటు దానికేం తెలుసు.