సంతలో పెట్టిన ఎన్నిక

కొత్త చింతపండు పెరట్లో ఆరబోసిన రోజున, ఎండకు వేడెక్కిన ఆ పుల్లటి వాసన నన్ను ఇప్పటికీ కొండల్లోని డుంబ్రిగుడకి తీసుకుపోతుంది. తెల్లదొరల కాలం. నాకు తొమ్మిదేళ్ళు. నాన్న మైదానం నుంచి వచ్చి అక్కడ ఉప్పు, ఎండుచేపలు, కిరసనాయిలు అమ్మేవాడు. సంతనాడు కొండవాళ్ళు పసుపు, పిప్పళ్ళు, అడ్డాకుల కట్టలు నెత్తిన పెట్టుకుని మంచులోంచి ఒకరి వెనక ఒకరు దిగివచ్చేవారు. పై ఊరి సోంబారి అనే ముసలామె మా అరుగుమీద కూర్చుని, అమ్మ పోసిన రాగి అంబలి తాగి, కాల్చిన పనసగింజలు నా దోసిట్లో పోసి గాని లేచేది కాదు.

అమ్మ తమ్ముడు, మా మావయ్య, పట్టుమని పాతికమంది లేని ఓ పార్టీలో ఉండేవాడు. శిస్తు కట్టే ఆసాములకే ఓటేమిటి, అందరికీ ఉండాలి, కొండల్లో వాళ్ళకీ ఉండాలి అని చెప్పుకుంటూ, చలిజ్వరంతోనే ఊరూరా తిరిగేవాడు. ఆ ఏడు, చైత్రంలో కొండవాళ్ళు చేసుకునే ఇటుకల పండగకి రెండు వారాల ముందు, సంతనాడు మా ఇంటికొచ్చి, "ఓటంటే ఏటో సూపిత్తాను" అని చింతచెట్టు కింద రెండు కుండలు పెట్టాడు. దొరలు వేయిస్తున్న రోడ్డుకి వెట్టిపని ఉండాలంటే నల్లకుండ, పోవాలంటే ఎర్రకుండ. మనిషికో చింతగింజ పంచింది నేనే. సాయంత్రం నల్లకుండలో మూడు గింజలున్నాయి, ఎర్రకుండ నిండిపోయింది. డప్పులు మోగాయి, ఆడవాళ్ళు చేతులు కలిపి థింసా ఆడారు. మావయ్య కళ్ళు తుడుచుకున్నాడు. మర్నాడు పొద్దున్నే కొండ దిగి వెళ్ళిపోయాడు.

ఆ వారం రోడ్డు పనికి పై ఊరి నుంచి ఒక్కరూ రాలేదు. పిలవడానికి వెళ్ళిన మేస్త్రీతో సోంబారి కొడుకు, "ఓట్లేసి తీసేసినాం గదా" అన్నాడట. పోలీసులు వెళ్ళారు. ఆరుగురు మగవాళ్ళని ఒకే తాడుకి కట్టి మా వీధిలోంచే నడిపించారు. సోంబారి కొడుకు వీపు చూసి నేను కెవ్వుమన్నాను. నాన్న కొట్టు తలుపులు మూసేశాడు.

కబురందుకుని మావయ్య పరుగున వచ్చాడు. తప్పంతా తనదేనని ఠాణాలో చెబితే, సాయంత్రం దాకా ఎండలో నిలబెట్టి, నవ్వి పంపేశారట. అమ్మ అన్నం వడ్డించింది గాని అతని మొహం చూడలేదు.

"నువ్వు కిందకి దిగిపోనావు. ఆళ్ళెక్కడికి దిగుతార్రా?" అంది.

తరవాతి సంతకి సోంబారి వచ్చింది. అరుగెక్కలేదు, అంబలి ముట్టలేదు. మావయ్య ఎదురుగా నిలబడి, "ఎర్రకుండలోవే ఎక్కువ గదా బాబూ. మరేటికి కొట్టినారు?" అని అడిగింది. కోపంగా కాదు, నిజంగా తెలియక.

"అది నేర్పడానికి పెట్టినాను అవ్వా. నిజిం ఓటు కాదు. ముందే సెప్పాల్సింది" అన్నాడు మావయ్య తల దించుకుని.

ఆమె కట్ట నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది. ఆ ఏడు పండగకి పై ఊళ్ళో డప్పు మోగలేదు. వానలు పడేసరికి సోంబారి వాళ్ళూ, మరో మూడిళ్ళ వాళ్ళూ పడమటగా ఉన్న జైపూర్ జమీందారీ వైపు కొండలకి తరలిపోయారు.

మావయ్య ఆ తరువాత కూడా అర్జీలు రాస్తూనే ఉన్నాడు. పార్టీ నాలుగేళ్ళలో చితికిపోయింది. దాని పేరు నాకే గుర్తు లేదు. ఇప్పుడు కొండల్లో అందరికీ ఓటుంది. మొన్నామధ్య మనవడితో వెళితే పై ఊరున్న చోట కాఫీ తోట కనిపించింది. కనబడిన ముసలివాళ్ళనల్లా అడిగాను. సోంబారి వాళ్ళు ఏ కొండెక్కారో, ఆమె కొడుకు వీపు మానిందో లేదో చెప్పేవాళ్ళు నాకు దొరకలేదు.