కడుపుతో ఉన్నది

"చూసి పంపింది ఆవిడే. సరిగ్గా చూసుండదు. ఏం చేస్తాం, ఇంటి ధ్యాసలో ఉండుంటుంది."

ఆస్పత్రిలో, కాలిన చేతులకు కట్లు కట్టుకుని పడుకున్న నిదానమక్క చెల్లెలి మంచం పక్కన నిలబడి బ్యాటరీ షాపు ఓనరు ఈ మాట అన్నప్పుడు, అక్క ఆ గుమ్మంలోనే ఉంది. చేతిలో పాల ఫ్లాస్కు ఉంది. నోటినిండా జవాబు ఉంది. అది బయటికి వచ్చేలోపే చెల్లెలు అక్కవైపు ఒకసారి చూసి ముఖం గోడవైపు తిప్పుకుంది.

నిదానమక్క అసలు పేరు ఆమె పనిచేసే ఆ షాపులో ఎవరికీ పట్టదు. పాతబడ్డ కరెంటు కార్ల నుంచి విప్పిన బ్యాటరీలు ఆ షాపుకు వస్తాయి. కారును లాగే సత్తా తగ్గినా, ఆటోను నడపడానికీ, ఇంటి కప్పు మీది సోలారు పలకలు పగలు ఇచ్చిన కరెంటును చీకటిపడ్డాక వాడుకునేందుకు దాచిపెట్టడానికీ వాటిలో ఇంకా ప్రాణం ఉంటుంది. చెత్తకుప్పలో పడాల్సినదాన్ని మళ్ళీ పనిలో పెట్టడం మంచి సంగతే. కాకపోతే ఏది బతికుందో ఏది చచ్చిందో ఎవరో ఒకరు ఓపికగా చూడాలి. ఆ పని ఆమెది. ఒక్కోదానికి ఛార్జి ఎక్కించి, పక్కన పెట్టి, ముట్టకుండా వదిలేస్తుంది. మర్నాడు కొలిచి చూస్తుంది. ఊరికే కూర్చున్నది కూర్చున్నట్టే దిగిపోయిందంటే దాన్ని నమ్మడానికి లేదు. "ఇంకా ఎంతసేపు తల్లీ?" అని ఎవరు విసుక్కున్నా "నిదానం, నిదానం" అనేది. చివరికి పేరు అదే అయిపోయింది.

ఆ షాపులో ఒక దొంగమాట ఉండేది. పాడైన బ్యాటరీ లోపల గ్యాసు పుట్టి, గాలి ఊదిన సంచిలా పొంగుతుంది. అలాంటిది ఎప్పుడు అంటుకుంటుందో చెప్పలేం. అయితే 'ఉబ్బింది' అన్న మాట కొనడానికి వచ్చినవాళ్ళ చెవిన పడితే బేరం పోతుంది. అందుకని ఓనరే ఒక ఉపాయం చెప్పాడు.

"జనం ముందు ఉబ్బింది, పొంగింది అని అరవకండి. కడుపుతో ఉంది అనండి చాలు. ఎవడికీ అర్థం కాదు."

అందరూ పగలబడి నవ్వారు. ఫిట్టరైతే ఆ మాటకు ఇంకా సొగసులు దిద్దాడు. "అక్కా, దీనికి అయిదో నెల", "ఇదిగో, ఇది ఇవాళో రేపో" అనేవాడు.

నిదానమక్క చెల్లెలు ఆటో నడుపుతుంది. ఆ రోజు ఆమె బండికి ఎక్కాల్సిన బ్యాటరీని రెండో బల్ల మీద పెట్టారు. నిదానమక్క అరచేత్తో తడిమింది. ఒక పక్క మెత్తగా పొంగు తగిలింది. ఓనరు బయట ఎక్కడో ఉంటే వెంటనే ఫోను చేసింది.

"సార్, రెండో బల్లది కడుపుతో ఉంది. దాన్ని బండెక్కించకండి."

"సరేలే, నే చూసుకుంటా."

ఆ మాట నమ్మి, వచ్చిన సరుకు దించుకోవడానికి గోడౌనుకు వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి బల్ల ఖాళీ. "నువ్వు అనుమానపు పీనుగువట. ఎక్కించెయ్యమని సార్ ఫోన్లో చెప్పాడక్కా" అన్నాడు ఫిట్టరు. చెల్లెలికి ఫోను మీద ఫోను చేసింది. ఎత్తలేదు. బండి నడిపేటప్పుడు ఫోనెత్తితే కాళ్ళిరగ్గొడతానని చెల్లెల్ని బెదిరించి పెట్టింది తనే.

సందు మలుపులో సీటు కింద నుంచి పొగ వచ్చింది. వెనక కూర్చున్న ముసలాయన్ని బయటికి లాగి కాపాడింది చెల్లెలు. ఆ లాగడంలోనే మంట చేతులకు అంటుకుంది.

విచారణకు తనిఖీ అధికారి షాపుకే వచ్చాడు. నిదానమక్క తన ఫోనులో రికార్డయిన ఆ మాటల్ని వినిపించింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"కడుపుతో ఉండటమేంటి? ఎవరు?"

ఓనరు రెప్ప కూడా ఆర్పలేదు. రెండో బల్ల దగ్గర కూర్చుని తీగలకు టంకం పెట్టే అమ్మాయిని చూపించాడు. టంకం పిల్ల అంటారామెను. నిజంగానే ఆమెకు నెల తప్పింది.

"ఈ పిల్ల గురించే సార్. కుదుపులు పడవు, సరుకు బండిలో పంపొద్దని చెబుతోంది."

మన భాషలో ఆడదానికీ వస్తువుకీ ఒకటే క్రియ. 'అది వచ్చింది' అంటే వచ్చింది బిందె కావచ్చు, కూతురూ కావచ్చు. ఏళ్ళ తరబడి ఎవరికీ పట్టని ఈ చిన్నచూపు ఆ రోజు ఓనరుకు గొడుగులా పనికొచ్చింది. అధికారి నవ్వుకుంటూ, పరీక్షలో పొరపాటు జరిగిందని రాసుకుపోయాడు. టంకం పిల్ల తల ఎత్తలేదు. ఫిట్టరు బల్ల కింద లేని స్క్రూ కోసం వెతికాడు.

ఆ సాయంత్రం ఓనరు నిదానమక్కను పక్కకు పిలిచాడు. "ఆస్పత్రి ఖర్చు నేను భరిస్తున్నా. నీ చెల్లెలి చేతులు బాగుపడాలా వద్దా? నోరు జాగ్రత్త." మర్నాటి నుంచి ఆమెను పరీక్ష బల్ల దగ్గర నుంచి తప్పించి, కప్పు మీద సోలారు పలకలు తుడిచే పనిలో పెట్టాడు.

ఆమె తుడిచింది. కప్పు మీద నుంచి వంగి చూస్తే కింద ఓనరు బట్టతల కనిపించేది. ఒకటి రెండుసార్లు మురికినీళ్ళ బకెట్టు వంకా, బట్టతల వంకా చూసింది. నీళ్ళతో చల్లారే కసి కాదది.

"ఇంత అవమానం పడి ఇక్కడే ఎందుకుంటావక్కా? మానెయ్యొచ్చుగా" అన్నాడు ఫిట్టరు గొణుగుతూ.

"మానేస్తే వాణ్ణి కనిపెట్టుకుని ఉండేదెవరు, నువ్వా?"

చెల్లెలు ఇల్లు చేరాక చూడటానికి వెళ్ళింది. వేళ్ళు ఇంకా ముడుచుకోవడం లేదు. అన్నం కలిపి ముద్ద పెట్టబోతే చెల్లెలు మూతి బిగించింది.

"నేను వద్దన్నానే. ఫోను చేసి మరీ చెప్పా."

"విన్నాలే ఆ ఫోను సంగతి, ఓనరు చెప్పాడు. టంకం పిల్ల కడుపు మీదున్న జాలి తోడబుట్టినదాని మీద లేకపోయింది."

"అది ఆ పిల్ల గురించి కాదే! ఉబ్బిన బ్యాటరీని మేం అలా..."

"ఇప్పుడు పుట్టిందా ఆ అర్థం? చాల్లే, వెళ్ళు."

గుమ్మం దాటేముందు నిదానమక్క ఆగింది. "నా నోటితో చెబితే నమ్మవుగా. వాడి నోటితోనే చెప్పిస్తా. అప్పుడన్నా తింటావేమో చూద్దాం."

కొన్ని నెలలకు అవకాశాన్ని ఓనరే తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆటోల కోసం కొత్తగా సోలారు షెడ్డు కట్టాడు. పైన రెండువైపులా వెలుతురు పట్టే పలకలు, కింద బీరువా అంత బ్యాటరీ పెట్టె. ఖాళీ అయిన బ్యాటరీ ఇచ్చి నిండినది తగిలించుకుని, ఒక టీ తాగేలోపు బండి మళ్ళీ రోడ్డెక్కవచ్చు. షెడ్డు తెరిచే రోజుకు తనిఖీ అధికారినే ముఖ్య అతిథిగా పిలిచాడు. కుర్చీలు నింపడానికి ఆటోవాళ్ళందరికీ కబురు పెట్టాడు. నిదానమక్కను కప్పు మీద నుంచి కిందికి రమ్మన్నాడు.

"ఈ పెట్టె ఒక్కటీ నువ్వు చూడు. పెద్దవాళ్ళొస్తున్నారు. మిగతావాళ్ళని నమ్మలేను."

"నన్ను నమ్ముతారా సార్?"

"నీ చెయ్యి సంగతి నాకు తెలీదా?"

అంతకుముందు వాడన్న ఏ మాటా ఆమెను ఇంతగా కాల్చలేదు. తెలిసే అన్నాడన్నమాట, ఆ మంచం పక్కన నిలబడి. పళ్ళు నూరుకుంది. పెట్టెను మాత్రం ప్రాణం పెట్టి బిగించింది. ఒక్కో బ్యాటరీనీ మర్నాటిదాకా ముట్టకుండా ఉంచి, కొలిచి, అనుమానం ఉన్న ప్రతిదాన్నీ పక్కకు నెట్టింది. అందులో వంక పెట్టడానికి ఏమీ మిగల్లేదు.

ఆ రోజు పొద్దెక్కేసరికి షెడ్డు నిండింది. చెల్లెలు కూడా ఆటోవాళ్ళతో వచ్చి చివరి వరసలో కూర్చుంది, చేతులు ఒళ్ళో దాచుకుని. ఓనరు మైకు పట్టుకుని, పెట్టెకు వీపు ఆనించి, భద్రత గురించి దంచుతున్నాడు. పక్కన అధికారి, ఎదురుగా ఫోన్లెత్తి వీడియో తీస్తున్న జనం.

"మా దగ్గర ప్రతి బ్యాటరీనీ కన్నబిడ్డలా..."

నిదానమక్క రెండడుగులు ముందుకేసింది. గొంతు పెంచలేదు.

"సార్, మీరు ఆనుకున్నది కడుపుతో ఉంది."

మైకు ఒకవైపు, ఓనరు ఒకవైపు. వైరు కాలికి చుట్టుకుని బోర్లా పడి, లేచి, చెప్పు వదిలేసి గేటు దాకా పరిగెత్తాడు. ఫిట్టరు కుర్చీల మీద నుంచే దూకాడు. షాపువాళ్ళంతా చెల్లాచెదురయ్యారు. అధికారి ఒక్కడే ఏమీ అర్థంకాక నవ్వుముఖంతో పెట్టె పక్కనే మిగిలిపోయాడు.

"దూరం రండి సార్! పేలుతుంది! ఇసుక తెండ్రా, ఇసుక!" గేటు దగ్గర నుంచి ఓనరు అరుపు.

"ఏం పేలుతుంది సార్?" అంది నిదానమక్క.

"కడుపుతో ఉందన్నావుగా!"

"కడుపుతో ఉంటే పేలుతుందా?"

అప్పుడు టంకం పిల్ల నిండుగా ఉన్న పొట్ట మీద చెయ్యి వేసుకుని లేచి నిలబడింది. "కడుపుతో ఉన్నది నేనేగదండీ. ఇక్కడే ఉన్నా. పేలడం లేదే."

షెడ్డు గొల్లుమంది. నవ్వు అంచెలంచెలుగా వెనక వరసల దాకా వెళ్ళి, అక్కడ చటుక్కున ఆగిపోయింది. ఆటోవాళ్ళకు అర్థమైంది. అధికారి నవ్వు కూడా ముఖం మీదే ఎండిపోయింది. అబద్ధం ఏమిటో, ఎవరు దాన్ని రాసుకుపోయారో ఇప్పుడు అన్ని ఫోన్లలోనూ ఉంది.

"పెట్టె బాగానే ఉంది, భయపడకండి. నేనే చూశా. ఒక్క అబద్ధం ఆడా, అంతే" అంది నిదానమక్క అధికారితో. "ఆ రోజు మాత్రం ఆడలేదు."

చెల్లెలు కుర్చీలు తోసుకుంటూ వచ్చింది. కౌగిలించుకోలేదు. ముడుచుకోని వేళ్ళతోనే అక్క భుజం మీద గట్టిగా ఒక్కటి వేసింది.

"పంతం పట్టి ఇన్నాళ్ళు నన్ను ఏడిపించావు. నీ మొండితనం తగలెయ్య!"

"నమ్మావా మరి?"

"వాడి పరుగు చూశాక నమ్మకేం చేస్తా! ముందు అన్నం పెట్టు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు."

షాపుకు సీలు పడింది. కేసు మళ్ళీ తెరిచారు. ఫిట్టరు ఇప్పుడు సాక్షి. ఓనరు పెద్దమనుషుల్ని పంపాడు: తప్పయిపోయింది, నలుగురిలో నవ్వులపాలయ్యాను, ఇక వదిలెయ్యమని. నిదానమక్క వాళ్ళకు మంచినీళ్ళిచ్చింది. "నవ్వులపాలవడం తొలి దెబ్బ. మా చెల్లెలు గ్లాసు పట్టుకోలేకపోతోంది. ఆయన కోర్టులో నిలబడి, ఆ బ్యాటరీని ఎందుకు పంపాడో చెప్పేదాకా వదలను. ఆ తర్వాత కూడా వదులుతానని మాటివ్వను" అంది. క్షమించమని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. క్షమించడం మీద ఆమెకు ఆశా లేదు, తొందరా లేదు.

కేసు మళ్ళీ విచారణకు రాబోతోంది. ఓనరు వైపు వకీళ్ళూ బంధువులూ బెంచీలు నింపుతారు. ఇవతలి బెంచీలు ఖాళీగా ఉండకూడదు. మీరు ఆటో ఎక్కేవాళ్ళయితే రండి. నడిపేవాళ్ళయితే తప్పకుండా రండి. రాలేకపోతే కనీసం ఈ ఒక్క పని చెయ్యండి: మీ మెట్ల కిందో, మీ బండి సీటు కిందో బ్యాటరీ బిగించేటప్పుడు, దీన్ని పరీక్షించిన మనిషెవరో మా ఎదుటికి పిలవమని అడగండి. పంపమని సంతకం పెట్టింది ఎవరో కాదు, చేత్తో తడిమి చూసింది ఎవరో అడగండి. ఆ మనిషిని చూపించలేకపోతే ఆ బ్యాటరీని మీ గుమ్మంలోకి రానివ్వకండి.