ఎర్ర మడ్డి పలకలు, తెల్ల సిమెంటు

2011లో మా కంపెనీ నన్ను గచ్చిబౌలిలోని అభివృద్ధి విభాగానికి సీనియర్ మేనేజరుగా బదిలీ చేసింది. భవన నిర్మాణ సామగ్రి తయారుచేసే కంపెనీ మాది. ఆ ఏడాది మేం కట్టిన మొదటి ఎక్స్‌రే గది గురించి తరువాత చాలా సభల్లో మాట్లాడాను. గోడ మొదటి పరీక్షలో తప్పిందనీ, కారణం సైటు పర్యవేక్షణ లోపమనీ ప్రతిచోటా చెప్పాను. లోపం ఎవరిదో మాత్రం చెప్పలేదు. అది నాది. ఆ గోడ సందుల్లో తెల్ల సిమెంటు నింపింది నేనే. నింపి ఊరుకున్నాను, మాట పడింది స్వరూప అనే జూనియర్ ఇంజనీరు.

ముందు పని సంగతి చెబుతాను. ఎక్స్‌రే బయటికి రాకుండా గది గోడలకు సీసపు రేకులు బిగించడం పాత పద్ధతి. సీసం కిరణాల్ని బాగా ఆపుతుంది, కానీ విషం. కోసేవాడికీ, బిగించేవాడికీ, రేపు గోడ పగలగొట్టేవాడికీ ప్రమాదమే. దానికి బదులు మేం పట్టుకున్నది ఎర్ర మడ్డిని. బాక్సైటు నుంచి అల్యూమినా తీసేశాక మిగిలే చెత్త అది. కర్మాగారాల పక్కన గుట్టలుగా పడి ఉంటుంది, ఎవరికీ అక్కర్లేదు. అందులో ఇనుము దండిగా ఉంటుంది. దానికి థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద, బేరియం ఉండే ముగ్గురాయి పొడి చేర్చి, ఫాస్ఫేటుతో బంధించి, అచ్చుల్లో వత్తి కొలిమిలో కాల్చాం. బరువైన మూలకాలు కిరణాల్ని మింగేస్తాయి. చెప్పడానికి ఇంతే. మొదట్లో మా పలకలు కొలిమిలోంచి అప్పడాల్లా వంకరపోయి, బిస్కెట్లలా విరిగిపోయి వచ్చేవి.

ఒకరోజు ఒక పలక చదునుగా, ముదురు ఎరుపులో, వేలితో కొడితే గంటలా మోగుతూ వచ్చింది. అది ఎక్స్‌రేకి నిలిచింది. నీళ్ళలో నానబెట్టి ఆ నీటిని పరీక్షిస్తే విషలోహాలు హద్దు దాటలేదు. ఆ ఫలితాల కాగితం రాగానే మా విభాగాధిపతి, డిప్యూటీ జనరల్ మేనేజరు (డీజీఎం) గారు, అందరి ముందూ పలకని నాకేశారు. విషం లేదనడానికి అదే ఋజువట.

స్వరూప గంభీరంగా అడిగింది. "ఉప్పు కారం సరిపోయినయా సార్?"

ఆయనతో సహా అందరం కడుపు పట్టుకుని నవ్వాం. ఆ తరువాత కొనుగోలుదారు ఎవరొచ్చినా ఆయన పలక నాకడం మా ప్రదర్శనలో భాగమైపోయింది. ఆ రోజుల్లో మా ప్రయోగశాలంతా ఏదో మత్తులో ఉండేది. పెళ్ళివారిల్లులా ఉండేది. ఊరికే నవ్వొచ్చేది.

బయట తెలంగాణ ఉద్యమం ఉద్ధృతంగా ఉంది. మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర రెండు పక్షాలు. నేనూ డీజీఎం గారూ కోస్తా వాళ్ళం, స్వరూపది సిద్దిపేట. వాదన మొదలైతే అన్నం చల్లారిపోయేది. కానీ మా ఇంటి గోంగూర పచ్చడి సీసా మాత్రం బల్లకి ఆ చివరి దాకా వెళ్ళి ఖాళీగా తిరిగొచ్చేది. "రాష్ట్రం ఇయ్యకున్నా పచ్చడన్న ఇచ్చిండ్రు" అనేది స్వరూప.

మాకు మొదటి పని హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనంలో దొరికింది. ఉద్యోగుల ఆరోగ్య పరీక్షల కోసం కింది అంతస్తులో ఎక్స్‌రే గది. ఇటుక గోడ కుదరదన్నారు, పలచటి బోర్డు గోడకి మా పలకలు అతికించాలి. గోడకి అవతల కాఫీ కౌంటరు. పొద్దస్తమానం సాఫ్ట్‌వేర్ పిల్లలు వరుసలో నిలబడే చోటు. ఈ పనికి సైటు ఇన్‌ఛార్జి స్వరూప.

పలకలు ఎంత మంచివైనా, వాటి మధ్య సందులు అసలు పరీక్ష. తలుపు సందులోంచి వెలుతురు వచ్చినట్టే ఎక్స్‌రే కూడా సందు దొరికితే వచ్చేస్తుంది. అందుకే సందుల్లో ముగ్గురాయి పొడి కలిపిన మసాలా లోతుదాకా కూరాలి. చూడటానికి అది తడిసిన బూడిదలా ఉంటుంది. స్వరూప దాన్ని సంచుల్లో కట్టించి సిద్ధంగా పెట్టింది. మేస్త్రీలు పలకలు అతికించేశారు. సందులు నింపడమే మిగిలింది. అప్పుడు బంద్ పిలుపు వచ్చింది.

"సార్, రేపు మేస్త్రీలు రారు. కొండాపూర్ల ధూంధాం ఉంది, నేను పాడాలె. పోయి రానా?" అని అడిగింది స్వరూప.

"వెళ్ళమ్మా. పాటలో మమ్మల్ని మరీ తిట్టకు."

"పేరు వెట్టి తిట్ట సార్. ఫికర్ చేయకుండ్రి."

ఆ సెలవు నోటిమాటగా ఇచ్చాను. కాగితం మీద లేదు.

బంద్ నాడు నాకు ఇంట్లో కాలు నిలవలేదు. స్కూటర్ మీద బయల్దేరాను. రోడ్డంతా నాదే. ఎప్పుడూ ఆఫీసు బస్సుల వెనక పొగ మింగే దారిలో గొంతెత్తి పాడుకుంటూ వెళ్ళాను. కాపలాదారు తాళం తీసి మళ్ళీ పేపరులో మునిగిపోయాడు. గోడ చూడగానే మనసు గాల్లో తేలింది. ఎవరికీ అక్కర్లేని మడ్డి, ఇప్పుడు పట్టుచీరలా మెరుస్తోంది! దాని మధ్య ఆ బూడిద రంగు మసాలా పూయాలంటే ప్రాణం ఒప్పలేదు. స్నానాల గది పనికి తెచ్చిన తెల్ల సిమెంటు బస్తా మూలన ఉంది. ఎరుపు మీద తెలుపు ఎంత బాగుంటుందో అనుకున్నాను. సందులు సన్నవే కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. ఎందరికో వెలుతురు సందు పాఠం చెప్పినవాణ్ణి, చొక్కా చేతులు మడిచి, ఈల వేసుకుంటూ, సందులన్నీ తెల్లగా నింపేశాను. నా ఉద్యోగంలో అంత ఆనందంగా పనిచేసిన రోజు ఇంకోటి లేదు.

అనుకున్న తేదీకి ముందే, బంద్ మర్నాడు పొద్దున్నే భద్రతాధికారి పరీక్షకి వచ్చారు. పద్ధతి ఇది: గోడకి అవతల ఫిల్ములు అతికించి, ఇవతల యంత్రం నడిపిస్తారు. కిరణం తగిలినచోట ఫిల్ము నల్లబడుతుంది. గోడ ఆపితే ఫిల్ము తేటగా ఉండాలి. మా ఫిల్ముల మీద నల్లటి గళ్ళు పడ్డాయి, గళ్ళ లుంగీ ఆరేసినట్టు. పలకలన్నీ నిలిచాయి, ముగ్గురాయి లేని సందులన్నీ కారాయి.

"ఇవి తెల్లగెందుకున్నయి?" అంది అప్పుడే సైటుకి వచ్చిన స్వరూప గోడ దగ్గరికెళ్ళి. "నేను పెట్టిన మసాలా ఏమైంది?"

డీజీఎం గారి ముఖం ఎర్రబడింది. బంద్‌కు ముందు సాయంత్రం ఆవిడే మేస్త్రీలచేత హడావిడిగా నింపించి వెళ్ళిపోయిందనుకున్నారాయన. "బంద్ నాడు నువ్వెక్కడున్నావమ్మా? ధూంధాంలో! ఇక్కడివాళ్ళకి పనికంటే పాటే ఎక్కువండీ" అన్నారు, చివరి మాట నావైపు తిరిగి.

స్వరూప నావైపు చూసింది. సెలవిచ్చింది నేనేనని చెబుతానని చూసింది. తెల్ల సిమెంటు సంగతి ఆవిడకి తెలియనే తెలియదు. నేను ఫిల్ముని వెలుతురుకి ఎత్తిపట్టి, చాలా శ్రద్ధగా పరిశీలిస్తున్నట్టు నిలబడ్డాను.

సందులు గీకించి ముగ్గురాయి మసాలాతో మళ్ళీ నింపించాం. రెండోసారి ఫిల్ములన్నీ తేటగా వచ్చాయి. కాఫీ కౌంటరు దగ్గర లడ్డూలు పంచాం. డీజీఎం గారు ఆనందం పట్టలేక పలక ఇంకోసారి నాకారు. ఆ నవ్వుల్లో స్వరూప లేదు. అప్పటికే ఆవిడని స్టోర్స్‌కి మార్చారు. ఆ ఏడు కంపెనీ ఇచ్చిన బహుమతి జాబితాలో ఆవిడ పేరు లేదు, మొదటి పేరు నాది. కొన్ని నెలలకి ఉద్యోగం మానేసింది. నేను ప్రతి ఆదివారం చర్చిలో అందరితోపాటు పాపాలు ఒప్పుకుంటూనే ఉన్నాను, వివరాల్లోకి వెళ్ళకుండా.

యాభై నాలుగో ఏట స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. ఈ మధ్య స్వరూప నుంచి ఫోను. తెల్లాపూర్‌లో ఆసుపత్రి కడుతున్న సంస్థలో ఆవిడ ఇప్పుడు నాణ్యతా విభాగం అధిపతి. "రిటైరైండ్రంట కదా సార్. మా పోరగాళ్ళకు క్లాస్ వెడుతున్న, జర వచ్చి కూసోండ్రి" అంది. అదే గొంతు, అదే నవ్వు.

వెళ్ళాను. "మా పెద్ద సారు" అని పరిచయం చేసి మొదటి బెంచీలో కూర్చోబెట్టింది. కొత్త సైటు ఇంజనీర్లు ముప్పైమంది దాకా ఉన్నారు. గళ్ళ లుంగీ ఫిల్ము కథ మొదలుపెట్టింది. డీజీఎం గారు పలక నాకడం అభినయించి చూపిస్తే గది గొల్లుమంది. నేనూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాను.

"మేస్త్రీ ఎవడో తెల్లగుంటే ముద్దుగుంటదని నింపిండు" అంది చివరికి. "వాన్ని అనుడెందుకు? సైటు నాది. చూస్కోకుంట పాటలు పాడవోయిన. గందుకే తప్పు నాదే."

సెలవు నేనిచ్చానన్న మాట ఎత్తలేదు. ఈ ఉదంతం నాకు నేర్పింది ఒకటే. పనిలో పొరపాటుని ఒక పూటలో గీకి సరిచేయవచ్చు. అది ఎవరిదో చెప్పకపోతే ఇంకొకరు దాన్ని తమదిగా మోస్తూ పోతారు, పాఠంగా కూడా చెబుతారు.

నేను బడిపిల్లాడిలా చెయ్యెత్తాను.

"ఏంది సార్, మీకు గూడ డౌటా?" అంది. అందరూ నవ్వారు.

లేచి నిలబడ్డాను. "డౌటు కాదమ్మా. నింపింది మేస్త్రీ కాదు, నేను. బంద్ నాడు ఒక్కణ్ణే వచ్చి, అందంగా ఉంటుందని నింపాను. నీకు సెలవిచ్చిందీ నేనే. ఆయన నిన్ను అంత మాట అన్నప్పుడు నోరు విప్పకుండా ఫిల్ము చూస్తూ నిలబడ్డాను. నీ తప్పు ఒక్కటి కూడా లేదు స్వరూపా. నన్ను క్షమించు."