ఇంటి మనిషికి కుర్చీ ఎందుకు

కడియం నర్సరీలో నేను చేసే ఉద్యోగానికి పేరు లేదు. ఎవరైనా అడిగితే డిస్పాచ్ చూస్తానని చెబుతాను. ఏ లారీకి ఏ మొక్కలు ఎక్కాలి, ఏవి ఎండకు అలవాటు పడ్డాయి, ఏవి ఇంకొన్నాళ్లు షేడ్ నెట్ కిందే ఉండాలి, డ్రైవరు దారిలో ఎక్కడ ఆగి నీళ్లు కొట్టాలి, అవతలి ఊళ్లో మొక్కలు దించుకున్నవాళ్లు వాడిపోయాయని ఫోన్ చేస్తే ఏం చెప్పాలి, ఇవన్నీ నా పనులే. మా అమ్మ ఇదే నర్సరీలో కవర్లలో మట్టి నింపేది. ఇంటర్ తర్వాత చదువు సాగక నేనూ ఆమె పక్కన కూర్చుని నింపాను. తర్వాత మొక్కలకు అంట్లు కట్టాను. బయటి రాష్ట్రాల నుంచి ఇంగ్లీషులో వచ్చే మెసేజ్‌లు చదవగలిగేది నేనొక్కదాన్నే కావడంతో చివరికి ఫోను నా చేతికొచ్చింది.

ఆ ఇంగ్లీషు నాకు కాలేజీ పెట్టిన భిక్ష కాదు. ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి రాజమండ్రి లైబ్రరీకి వెళ్లి, తలుపులు మూసేదాకా కూర్చుని సంపాదించుకున్నది. మొదట కథలు చదివాను. తర్వాత వ్యాపారాలు పెట్టి పైకొచ్చినవాళ్ల జీవిత చరిత్రలు. ఆ తర్వాత పక్కన డిక్షనరీ పెట్టుకుని మేనేజ్‌మెంట్ పుస్తకాలు. ఎంబీఏ చదువుతున్నారా అమ్మా అని లైబ్రేరియన్ ఒకసారి అడిగారు. కాదండి, మొక్కల లారీలు ఎక్కిస్తానండి అన్నాను. ఆయన నవ్వలేదు. అప్పటి నుంచి అలాంటి పుస్తకం ఏదొచ్చినా నా కోసం పక్కన పెట్టేవారు. నాకు దొరికిన గౌరవాల్లో అదే పెద్దది.

మా ఓనరుగారు హైవే పక్కన కొత్త యార్డు మొదలుపెట్టినప్పుడు, దానికి ఇన్‌చార్జి నేనే కావాలనుకున్నాను. ఊరికే అనుకోలేదు. ఏ మొక్కలు ముందు వరసలో ఉంటే కారులో వెళ్లేవాళ్లు ఆగుతారో, లారీ వెనక్కి తిప్పడానికి ఎంత జాగా వదలాలో, నీళ్ల పైపులు ఎటునుంచి రావాలో అంతా మనసులో గీసుకున్నాను. ఖాళీగా ఉన్న ఆ నేలలో రెండుసార్లు ఒక్కదాన్నే నడిచి చూసొచ్చాను.

మంచి నాయకుడంటే ఎవరని నేను చదివిన ప్రతి పుస్తకమూ చెప్పింది. పనివాళ్లను పేరుపెట్టి పిలవాలన్నారు. మా ఓనరుగారికి పేర్లే కాదు, ఎవరి పిల్లాడు ఏ క్లాసో కూడా తెలుసు. కష్టంలో ముందుండాలన్నారు. వానలకు కాలవ పొంగి మొక్కల మళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు లుంగీ ఎగగట్టి మోకాలి లోతు బురదలో మాతోపాటు కవర్లు మోశారాయన. మా అమ్మకు ఆపరేషన్ అయితే కాకినాడకు కారు ఆయనే నడిపారు. ఇలాంటి మనిషి మీద కోపం తెచ్చుకోవడం కూడా కష్టమే. కానీ అవే పుస్తకాలు, కింది వాళ్ల చేతికి నిర్ణయం ఇవ్వాలని కూడా చెప్పాయి. ఆ పేజీ దగ్గర ఆయన నాకు కనిపించరు. లారీకి ఏ తాడు కట్టాలో కూడా ఆయన్ని అడగాలి. ఆయన పెళ్లికెళితే ఆ పూట లోడింగ్ ఆగిపోతుంది. అలా ఆగకుండా ఉండాలని నేనొక అలవాటు చేసుకున్నాను. నాకు తోచింది చెప్పి, చివర "ఓనరుగారు చెప్పమన్నారు" అని కలిపేదాన్ని. పనైపోయేది. సాయంత్రం ఆయనకు చెబితే సరే అనేవారు.

ఆఫీసు నర్సరీ గేటుకు ఎదురుగా, ఆయన ఇంటి ముందు గదిలోనే. బల్లకు ఇవతల ఒక కుర్చీ ఉంటుంది. బ్రోకర్లు, ఎరువుల కంపెనీ వాళ్లు, బ్యాంకు మనిషి అందులో కూర్చుంటారు. నేను మాత్రం పక్క గుమ్మంలోంచి వెళ్లాలి. నేను ఇంటి మనిషిని. వంటింట్లో అమ్మగారు చిక్కటి కాఫీ ఇస్తారు, స్టూలు మీద కూర్చుని తాగుతాను. ఓనరుగారు నీళ్లకనో, మాత్రకనో లోపలికొచ్చినప్పుడు పని మాట చెప్పుకోవాలి. ఆ కాఫీకి చాలా ఏళ్లు మురిసిపోయాను.

ఇన్‌చార్జి మాట కూడా ఆ స్టూలు మీద నుంచే అడిగాను. ఆయన ఫ్రిజ్ తలుపు పట్టుకుని నవ్వారు.

"ఇంటి ఆడపడుచువి, నీకు పోస్టేంటమ్మా? అంతా నీదే కదా."

అంతా నాదే అన్నాక ఇంక ఏమడగాలో తెలియలేదు. క్రిస్మస్‌కు ప్రతి ఏడూ అమ్మగారు నాకు చీర పెడతారు. మేం చర్చి వాళ్లమని బొట్టు పెట్టకుండా, జాకెట్టు ముక్క, పళ్లు కలిపి ఇస్తారు. ఆ ఏడు పట్టుచీర పెట్టారు. ఓనరుగారే స్వయంగా మండపేట వెళ్లి తెచ్చారట. నేనడిగినదానికి అదే జవాబని ఇంటికెళ్లి మడత విప్పాక అర్థమైంది. ఆడపడుచు చీర వద్దనకూడదు. వద్దంటే పుట్టింటిని అవమానించినట్టు. ఉద్యోగమైతే, చాలదని చెప్పి మళ్లీ అడగవచ్చు.

మామిడి అంట్లు కట్టే పెద్దావిడకు ఈ సంగతి ఎలా తెలిసిందో తెలిసింది. అంటు మొక్క కుండీని తల్లి చెట్టు కొమ్మకు ఆనించి కడతాం. అతుక్కున్నాక కొమ్మ కోసి మొక్కను వేరు చెయ్యాలి. ఆవిడ కత్తి తుడుచుకుంటూ నా వైపు చూసింది.

"ఏమే, అతుక్కుని ఎన్నాళ్లయింది, నిన్నింకా కొమ్మ నుంచి కొయ్యలేదా?"

పక్కనున్న ఆడవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాట మాత్రం రెండు రోజులు నాతోనే తిరిగింది.

తర్వాత వారం కొత్త ఇన్‌చార్జి ఖాయమయ్యాడని తెలిసింది. కాకినాడలో ఎరువులు అమ్మిన కుర్రాడట. ఒకటో తారీకున వస్తాడు, పని నేను నేర్పాలి. ఈ కబురు అమ్మగారు చెప్పారు, వంటింట్లోనే, కాఫీలో పంచదార కలుపుతూ.

మర్నాడు నేను పక్క గుమ్మం వైపు వెళ్లలేదు. ముందు మెట్ల దగ్గర, బ్రోకర్ల బూట్ల పక్కన చెప్పులు విడిచి, వాళ్లు లేచి వెళ్లేదాకా వరండాలో నిలబడి, లోపలికెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాను. ఓనరుగారు ఫోన్లోంచి తల ఎత్తి, ఏదో ఆపద వచ్చిందనుకుని, అమ్మకు బాగానే ఉందా అని అడిగారు. బాగానే ఉందండి, యార్డు గురించి వచ్చానండి అన్నాను.

"చెప్పాను కదమ్మా, ఇంటి మనిషివి."

"ఇంటి మనిషికి చీర పెట్టారండి. నేనడిగింది ఉద్యోగం. ఎందుకివ్వరో చెప్పండి."

ఆయన చాలాసేపు బల్ల మీది పెన్నులు సర్దారు. అది హైవే అన్నారు. వచ్చేవాళ్లంతా డ్రైవర్లు, బ్రోకర్లు అన్నారు. చివరికి అసలు మాట బయటికొచ్చింది.

"ఆడమనిషి చెబితే వినరమ్మా వాళ్లు."

"ఇన్నాళ్లూ ఎవరు చెబితే విన్నారండి?"

"నా మాట అనుకుని విన్నారు."

ఆయన దెప్పిపొడవడానికి అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పారు. అందుకే తగిలింది. ఇన్నేళ్లూ నేను చేసిన ప్రతి నిర్ణయానికీ ఆయన పేరు తగిలించింది నేనే. పని త్వరగా అవుతుందని తగిలించాను. అవి నా నిర్ణయాలని ఎవరికి తెలుసు, ఇప్పుడు ఎవర్ని సాక్ష్యం అడగాలి? నా మాటగా ఒక్కసారి చెప్పి చూడనివ్వండి, వినకపోతే తీసెయ్యండి అన్నాను. కుర్రాడికి మాటిచ్చేశాను కదమ్మా అన్నారు. ఆయన మాట తప్పరు. పుస్తకాలు చెప్పిన మంచి గుణాల్లో అదొకటి.

ఈలోగా కాఫీ వచ్చింది. బయటివాళ్లకిచ్చే కాగితం కప్పులో, ఫ్లాస్కులోది, పల్చగా ఉంది. మొత్తం తాగాను. లేచేటప్పుడు, లోపలికెళ్లి అమ్మగారికి కనబడి వెళ్లమన్నారు. పని మీద వచ్చానండి అని చెప్పి ముందు మెట్లే దిగాను.

గేటు దగ్గర లారీ నిండింది, డ్రైవరు తాళ్లు కడుతున్నాడు. నేను లేనప్పుడు, నిన్నటిదాకా షేడ్ నెట్ కింద ఉన్న మొక్కలను పై వరసలో పెట్టారు. ఎదురుగాలికి దారిలోనే ఆకు మాడిపోతుంది. ఈ డ్రైవరు నాకు చాలా ఏళ్లుగా తెలుసు, వయసులో పెద్దవాడైనా నన్ను మేడంగారూ అనే పిలుస్తాడు. పై వరస దింపించండి అని చెప్పాను. అలవాటు కొద్దీ నోటి దాకా వచ్చిన మిగతా మాట మింగేశాను.

అతను తాడు ముడి మీద చెయ్యి వేసి ఆగాడు.

"ఓనరుగారు చెప్పారాండి?"

"నేను చెబుతున్నాను."

అతను నన్ను చూశాడు, లారీని చూశాడు. ఏమనుకోకండి మేడంగారూ అని ఫోన్ తీశాడు. ఆఫీసు కిటికీలోంచి ఓనరుగారు ఫోన్ ఎత్తడం నాకు కనిపిస్తూనే ఉంది. ఆయన ఒక్కసారి మా వైపు చూసి, ఏదో రెండు ముక్కలు చెప్పి పెట్టేశారు.

"ఆయ్, అలాగేనండి" అని డ్రైవరు ఫోన్ జేబులో పెట్టుకుని ముడి విప్పడం మొదలుపెట్టాడు. తర్వాత నాకు తెలియని సంగతి చెబుతున్నట్టు, ఎంతో మర్యాదగా, నా వైపు తిరిగి చెప్పాడు.

"పై వరస దింపెయ్యమన్నారండి, ఓనరుగారు."