చక్రం మీది ఎర్ర చుక్క

ఇనుముకు చూడీ తీయడం ఒక్క దెబ్బకు అయ్యే పని కాదు. నట్టు ఎక్కడానికి కడ్డీ చుట్టూ మెలికగా తీసే గాడిని మా షెడ్డులో చూడీ అనేవారు. లేతు మిషనులో కడ్డీ గిరగిరా తిరుగుతుంటుంది, పక్కనుంచి ఉలి దాన్ని గీరుకుంటూ పోతుంది. మొదటి కోత కొంచెం లోతు, తర్వాతిది అంతకు తక్కువ, చివరికి వచ్చేసరికి వెంట్రుక మందం. గాడి దిగేకొద్దీ ఉలికి ఒరుసుకునే ఇనుము ఎక్కువవుతుంది కదా, అందుకని. నేను చదివింది రెండో తరగతి. ఇదంతా మా ఇంటాయన పని చేస్తుంటే పక్కన కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ తెలుసుకున్నదే.

మాది రాయచూరు పక్క మట్మారి దగ్గర. కాలువ నీళ్ళు వచ్చాక సింధనూరు వైపు పంపులు, బియ్యం మిల్లులు లేచాయి. లేతుకు అక్కడ పని ఉంటుందని వెళ్ళిపోయాం. రేకుల షెడ్డు, ముందు మిషను, వెనక నా పొయ్యి. పొలం లేదు, గొడ్డు లేదు. ఆయన కన్ను ఆడినన్నాళ్ళే మా నోట్లోకి ముద్ద. అది నాకు తెలుసు కాబట్టే నేను గట్టిగా ఉండేదాన్ని. మిషను తుడిచిన గుడ్డపీలికలు ఉతికి మళ్ళీ వాడించేదాన్ని. రాలిన ఇనుప చుట్టలు గోనెసంచిలో ఎత్తి పాతసామాను వాడికి తూకం వేసేదాన్ని. ఆ చుట్టలు కోసిన గాట్లు నా వేళ్ళకు ఇప్పటికీ ఉన్నాయి.

ఆ కంటి చూపు తగ్గడం మొదలైంది. ఆయన చెప్పలేదు. అన్నంలో చింతగింజ ఉంటే నాలుకకు తగిలాకే తెలిసేది. వాకిట్లో ఎవరైనా నిలబడితే మాట వినేదాకా పలకరించేవాడు కాదు. నేనూ అడగలేదు. అడిగితే ఏం చేస్తాం?

ఉలి ఎంత లోతుకు దిగాలో చూపించే చిన్న చక్రం మిషనుకు ఉంటుంది. దాని అంచున సన్న గీతలు. ఇదివరకు ఆ గీతలు చూసుకుంటూ తిప్పేవాడు. తర్వాత తర్వాత, పని మొదలుపెట్టే ముందే గోటితో గీతలు తడుముతూ లెక్కపెట్టుకుని, ఇక్కడికి వచ్చాక ఆగాలి అన్నచోట ఎర్ర రంగుతో చుక్క పెట్టడం నేర్చుకున్నాడు. మిషను తిరుగుతుంటే గోటితో తడమలేడు, చుక్క అయితే కనబడుతుంది. పని అయ్యాక కిరసనాయిలుతో తుడిచేసేవాడు. ఆ చుక్కతో చాలాకాలమే నెట్టుకొచ్చాం.

ఆ ఏడు ఆయుధపూజకు మిషను కడిగి, పసుపు రాసి, నేను పైన ఒక్క బొట్టు పెట్టి కుంకుమ భరిణె మూయబోయాను. ఆయన లాక్కున్నాడు. ప్రతి చక్రానికీ, ప్రతి పిడికీ బొట్లు పెట్టుకుంటూ పోయాడు.

"అంత కుంకుమేంది? మిషనుకు పెండ్లి చేస్తున్నవా?" అన్నాను.

"చెయ్యనీయే. ఇన్నేండ్లు బువ్వ పెట్టింది నువ్వా, ఈ మిషనా?"

"వండింది నేనే గద!"

నవ్వాడు. లోతు చూపించే చక్రానికి కూడా పెట్టాడు, నూనె తడి మీద, రాలిపోకుండా.

పూజ బొట్లు మేం తుడవం. వాటంతట అవి రాలిపోవాల్సిందే. ఎక్కడైనా అదే పద్ధతి.

మర్నాడు పొద్దున్నే జవళగేర అవతల క్యాంపు నుంచి ఒక రైతు వచ్చాడు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూమి కొనుక్కున్నవాళ్ళ ఊళ్ళను క్యాంపులు అనేవాళ్ళం. ఆయన పొలం కాలువ చివర. పంపు పెట్టి ఎత్తిపోస్తే తప్ప నీళ్ళెక్కవు. పంపు షాఫ్టుకు చూడీ అరిగి, నట్టు తుప్పు పట్టి, ఉలితో పగలగొట్టి తీశారట. కొత్త కడ్డీ భుజాన వేసుకొచ్చాడు.

"మేస్త్రీ గారూ, వరి పాల మీదుందండీ. ఇప్పుడు తడి అందకపోతే తాలే మిగుల్తుంది. ఊరంతా తిరిగితే మంచి కడ్డీ ఇదొక్కటే దొరికింది. కాస్త జాగ్రత్తగా చెయ్యండి."

"ఫికర్ చెయ్యకు. మాపటికల్ల నీ పంపు నడుస్తది. కొత్త నట్టు పట్టుకరా పో, ఎక్కించి చూసుకుందం."

రైతు బజారుకు వెళ్ళాడు. మామూలుగా అయితే నట్టు పక్కన పెట్టుకుని, చివరి కోతలప్పుడు ఎక్కించి చూస్తూ తీయాలి. ఆ రోజు పండగ మర్నాడు, సగం దుకాణాలు తెరవలేదు. రైతు ఎంతకూ రాలేదు. పంట ఎండుతోందన్న మాట ఈయన చెవిలో పడింది. చుక్క ఉంది కదా అనుకున్నాడు. గోటితో లెక్కపెట్టి, రంగుతో సన్న చుక్క పెట్టి, మిషను నడిపించాడు.

మొదటి కోతలు బాగానే పోయాయి. ఇనుము పాములా చుట్ట చుట్టుకుని రాలుతోంది. తర్వాత పొడి పొడిగా రాలింది. ఇక అయిపోవచ్చింది అనుకున్నాను. చప్పుడు మారింది. కీచుమంటూ, పళ్ళు కొరికినట్టు.

"ఏమయ్యా, గట్లెందుకు మొత్తుకుంటుంది?"

"ఉలి మొద్దువారిందే. ఇంకా చుక్క దాకా రాలే."

చేటలో నా చేయి ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ కోసింది. చుక్క దాకా వచ్చాక మిషను ఆపాడు.

రైతు నట్టు తెచ్చి ఎక్కించాడు. వేలు పెట్టి నెడితేనే నట్టు మొదలు దాకా జారిపోయింది. అటూ ఇటూ ఊగింది.

"ఇదేంటండీ, వదులుగా ఊగుతోందీ?"

ఈయన మిషను దగ్గరకు వెళ్ళి చక్రం మీదికి ముఖం వంచాడు. ముక్కు తగిలేంత దగ్గరగా. నేనూ వెళ్ళి చూశాను. సన్నని రంగు చుక్క వెనకనే ఉండిపోయింది. ఆయన ఆగింది దాన్ని దాటాక ఉన్న కుంకుమ బొట్టు దగ్గర.

"రెండూ ఎర్రగనే ఉన్నయి గదనే," అన్నాడు. చిన్నపిల్లవాడు చెప్పినట్టు.

ఎక్కువున్న ఇనుము ఎంతైనా కోయవచ్చు. కోసిన దాన్ని మళ్ళీ పెట్టేందుకు ఏ మిషనూ లేదు. రైతు తిట్టి ఉంటే బాగుండేది. ఆయన మా ఇంటాయన ముఖం ముందు చేయి ఒకసారి అటూ ఇటూ ఆడించాడు. ఈయన కళ్ళు ఆ చేతి వెంట కదలలేదు.

"అయ్యో, మేస్త్రీ గారూ," అని మాత్రం అన్నాడు. పాడైన షాఫ్టును కండువాలో చుట్టుకుని బస్సుకు వెళ్ళిపోయాడు.

ఆ రైతు పంట ఎండిపోయిందని తర్వాత మిల్లు దగ్గర విన్నాను. దానితో పాటే మేస్త్రీకి చూపు లేదన్న మాటా క్యాంపులన్నిటికీ పాకింది. రాయచూరు పెద్దాసుపత్రిలో డాక్టరు కంట్లోకి లైటు వేసి చూసి, నరం ఎండిపోయింది, అద్దాలతో కుదరదు అన్నాడు. తిరుగు బస్సులో ఈయన ఒక్కమాటే అడిగాడు.

"బయట నీళ్ళు కనబడుతున్నయానే?"

"ఆ, కాలువ నిండ పోతున్నయి."

వేరే మేస్త్రీని పెట్టాలంటే కూలి ఎక్కడినుంచి తేవాలి? నేను మిల్లులో బియ్యం చెరగడానికి కుదిరాను. మిషను కొనడానికి వచ్చినవాళ్ళు పాత ఇనుము ధర చెప్పి పోయారు. ఈయన పగలంతా దాని పక్కనే పీట వేసుకుని కూర్చునేవాడు. మిల్లు నుంచి వచ్చేసరికి ఆయన అరచేతులు నూనెగా ఉండేవి. సబ్బు చేతికిచ్చి అన్నం పెట్టేదాన్ని.

మళ్ళీ ఆయుధపూజ వచ్చింది. తిరగని మిషనుకు పూజ ఏమిటని నాకు అనిపించింది కానీ, ఆయన పొద్దున్నే తలస్నానం చేసి కూర్చున్నాడు. కడిగాను, పసుపు రాశాను, బొట్లు పెట్టాను. ఆ చిన్న చక్రాన్ని మాత్రం వదిలేశాను. ఆయన లేచి, మిషను అంతా చేతులతో తడుముకుంటూ వచ్చి చక్రం దగ్గర ఆగాడు. వేలికి పొడి తగల్లేదు.

"దీనికి పెట్టలేదేందే?"

"దానికి అవసరం లేదు."

"పెట్టు. ఇంక దాన్ని సూసేదెవరు?"

భరిణెలో ఉన్న కుంకుమంతా పెట్టాను. గీతలన్నీ మునిగిపోయాయి.