గీతకు ఇవతలి గోల్‌కీపర్

ప్రతి ఫుట్‌బాల్ జట్టుకూ కనీసం ఇద్దరు గోల్‌కీపర్లుంటారు. ఒకరు ఆడటానికి, ఇంకొకరు ఆడకుండా ఉండటానికి. రెండో ఉద్యోగం తేలికనుకునేవాళ్లు ఒక్కసారి చేసి చూడాలి. ఈ కథలోని మనిషి దాన్ని పదేళ్లకు పైగా ఏ మచ్చా పడకుండా నిర్వహించింది. దేశం తరఫున ఆమె ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఇవ్వాలంటే ముందు మైదానంలోకి దిగాలి కదా.

జట్టులో అందరూ ఆమెను రిజర్వక్క అంటారు. ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాళ్లు ఎప్పుడో రిటైరై పిల్లల్ని కన్నారు. పేరు మాత్రం బెంచీ మీదే ఉండిపోయింది.

ఊళ్లో ఆమెది పార్సిల్ ఆఫీసులో పని. లారీ మీద నిలబడ్డ లోడింగాయన పెట్టెలు విసురుతాడు, కింద ఈమె పట్టుకుని ఏ ఊరివి ఆ అరలో వేస్తుంది. ‘గాజు సామాను, జాగ్రత్త’ అని రాసి ఉన్న పెట్టెల్ని ఆయన కాస్త ఎక్కువ ఉత్సాహంతో విసిరేవాడు. అవి కూడా ఆమె చేతుల్లోంచి జారలేదు. జట్టుతో వెళ్లడానికి సెలవు అడిగినప్పుడల్లా సూపర్‌వైజరు ఒకటే ప్రశ్న వేసేవాడు.

“వెళ్లి కూర్చోవడానికేగా? ఆ కూర్చునేదేదో ఇక్కడే కూర్చుంటే సెలవన్నా మిగులుతుంది.”

ఆయన మాటలో తర్కం ఉంది. ఆమె తల ఊపి, సెలవు చీటీని ఆయన ముందుకు ఇంకాస్త జరిపేది.

భర్తది కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని. నెమ్మదస్తుడు. ఆదివారాలు ఖాళీ స్థలానికి తీసుకెళ్లి ఆమెకు బంతి తన్నేవాడు. ఆ బంతిని ఆపడానికి గోల్‌కీపర్ అక్కర్లేదు, ఓపిక చాలు. “గట్టిగా కొట్టండి” అంటే, “నీకు తగిలితే?” అనేవాడు. ప్రాక్టీసులో జట్టు అమ్మాయిలు గట్టిగానే కొట్టేవారు. కానీ అది వాళ్ల కాళ్లకు కసరత్తు మాత్రమే, బంతి లోపలికి వెళ్లినా వెళ్లకపోయినా ఎవరి నిద్రా చెడదు. ఆమె కోరిక పెద్దదేమీ కాదు. నిజంగా గోల్ కావాలని, అది లేకపోతే కొంప మునుగుతుందని ఎవరో పరాయి మనిషి తన్నిన బంతి ఒక్కటి, ఒకే ఒక్కటి, తన చేతుల్లోకి రావాలి. తర్వాత ఏమైనా ఫరవాలేదు.

ఈసారి మహిళల ఛాంపియన్‌షిప్ క్వాలిఫయింగ్‌లో నాలుగు దేశాల గ్రూపు పడింది. మొదటి స్థానం వచ్చినవాళ్లే ముందుకు, మిగతా మూడు దేశాలూ ఇళ్లకు. మనవాళ్లు మొదటి మ్యాచ్ ఓడారు. రెండోది డ్రా చేసుకుని, గెలిచినంత హడావుడిగా ఫొటోలు దిగారు. మూడోది గ్రూపులో అందరికంటే గట్టి జట్టుతో. దాని మీద ఆశ పెట్టుకున్నవాళ్లు రేడియో వ్యాఖ్యాత తప్ప ఇంకెవరూ లేరు. అదీ ఆయనకు జీతం ఇస్తారు కాబట్టి.

ఆ రోజు పొద్దున రిజర్వక్క కోచ్ దగ్గరికి వెళ్లింది.

“సార్, నాకిదే ఆఖరు. మోకాళ్లు ఒప్పుకోవడం లేదు. ఈ గ్రూపు అయ్యాక రాను.”

“అయ్యో, అదేంటమ్మా” అన్నాడు కోచ్.

“అందుకని, ఇవాళ వీలైతే ఓ అయిదు నిమిషాలు...”

“చూద్దాం.”

మన పెద్దమనుషులు ‘చూద్దాం’ అన్నాక ఎటు చూస్తారో ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. ఆమె మాత్రం ఆ మాటను మెత్తటి బట్టలో చుట్టినట్టు జాగ్రత్తగా మోసుకుంటూ డ్రెస్సింగ్ రూముకు వచ్చింది. అసలు గోల్‌కీపర్, అందరూ చిన్నది అని పిలిచే పిల్ల, బల్ల మీద కాలు చాపి కూర్చుంది. దాని చీలమండకు టేపు చుట్టడం రిజర్వక్క పని. చుడుతూ ఉంటే, ఈ కాలు కాస్త బెణికితే బాగుండునన్న ఆలోచన ఎక్కడి నుంచో వచ్చింది. భయపడి ఇంకో రెండు చుట్లు గట్టిగా చుట్టింది.

“అక్కా, రక్తం ఆడట్లేదు” అంది చిన్నది.

“ఆడాల్సింది నువ్వు. రక్తం ఎందుకు?”

విరామానికి స్కోరు మూడు-సున్నా. ఆ మూడూ వాళ్లవే. కోచ్ బోర్డు మీద బాణాలు గీస్తున్నాడు. ఆ బాణాలన్నీ ముందుకే వెళ్తున్నాయి, బోర్డు మీద ఎదుటి జట్టు లేదు కాబట్టి. చిన్నది రిజర్వక్క పక్కకు జరిగి గుసగుసగా అంది.

“ఆఖర్లో నా తొడ కండరం పట్టేస్తుంది. నువ్వు ఒళ్లు వేడెక్కించుకుని ఉండు.”

“ఎప్పుడు పట్టేస్తుందో ముందే తెలుస్తుందా?”

“నాకు తెలుస్తుంది.”

“నోర్మూసుకుని ఆడు. అలాంటి దొంగ పనులు నాకొద్దు.”

అంది గానీ, రెండో సగం మొదలైనప్పటి నుంచీ ఆమె కూర్చోలేదు. మైదానం గీత పక్కన అటూ ఇటూ పరిగెత్తుతూనే ఉంది.

ఇక్కడ చట్టం గురించి ఒక్క మాట. మ్యాచ్‌లో అయిదుగురిని మార్చుకోవచ్చు. కానీ అందుకోసం ఆటను మూడుసార్లకు మించి ఆపకూడదు. ఇద్దర్ని ఒకేసారి మారిస్తే ఒక ఆపుడే లెక్క. ఈ లెక్క చూడటం బెంచీ మీద రిజర్వక్క బాధ్యత. ఆడేవాళ్లకు ఆట ఉంటుంది, కోచ్‌కు అరుపులుంటాయి, ఎవరో ఒకరు లెక్క చూడాలి కదా. ఇన్నేళ్లలో ఆమె ఎప్పుడూ తప్పలేదు. ఒకసారి ఎదుటి జట్టు లెక్క కూడా సరిదిద్దింది.

రెండో సగంలో కోచ్ ఒకసారి ఒకరిని, ఇంకోసారి ఒకరిని మార్చాడు. తర్వాత ఇద్దరు ఫార్వర్డ్లను పక్కన నిలబెట్టి, తల తిప్పకుండానే అడిగాడు.

“వీళ్లు పోతే ఎందరు మిగులుతారమ్మా?”

“ఒకరు సార్” అంది ఆమె టక్కున.

మాట నిజమే. నలుగురు పోగా అయిదో మనిషి మిగులుతుంది. ఆ అయిదో మనిషి ఎవరో కూడా ఆమె కళ్ల ముందు స్పష్టంగా ఉంది, చేతులకు గ్లవ్స్‌తో సహా. మనుషుల లెక్కలో పడి ఆపుళ్ల లెక్క మరిచిపోయింది. ఆ ఇద్దరూ లోపలికి వెళ్లడంతో మూడో ఆపుడు అయిపోయింది.

కాసేపటికి చిన్నది మాట నిలబెట్టుకుంది. బంతి అవతలి సగంలో ఉండగా, దగ్గర ఏ మనిషీ లేకుండా, తొడ పట్టుకుని కుప్పకూలింది. నటన బాగానే ఉంది గానీ, పట్టుకున్నది ఒక తొడ, మూలిగింది ఇంకో కాలు చూపిస్తూ. ఫిజియో పరిగెత్తాడు. కోచ్ నెత్తి పట్టుకున్నాడు. రిజర్వక్క జాకెట్ విప్పి బెంచీ మీద పడేసింది. వీపు మీద అంకె ఎండలో పడింది. బట్ట ఏళ్ల నాటిదే, అంకె మాత్రం కొత్తది లాగానే ఉంది. గ్లవ్స్ బిగించి తెల్ల గీత దాకా వెళ్లి నిలబడింది. బూట్ల ముక్కులు గీతను తాకుతున్నాయి. తల తిప్పితే తమ గోల్. బెంచీ మీద నుంచి ఎప్పుడూ పక్కనుంచే చూసిన గోల్, ఇప్పుడు తన కోసం ఖాళీ అవుతున్న ఇల్లులా కనిపించింది.

గీత బయట మార్పుల లెక్క చూసే నాలుగో రిఫరీ, మర్యాదస్తురాలు, దగ్గరికి వచ్చింది.

“కుదరదండీ. మీ మూడు అవకాశాలూ అయిపోయాయి.”

“ఇంకొకరు ఉన్నారు కదా, అయిదోది...”

“మనిషి ఉంది. ఆట ఆపడానికి వీల్లేదు. ఆవిడ ఆడలేకపోతే, లోపల ఉన్నవాళ్లలోనే ఎవరో ఒకరు గ్లవ్స్ వేసుకోవాలి.”

రిజర్వక్క వేళ్ల మీద లెక్క వేసింది. గ్లవ్స్ ఉన్న వేళ్లతో లెక్క కుదరదు. కుదరకపోయినా మూడే వచ్చింది.

“చిన్నదానా” అని కేకేసింది. “లే.”

“లేవలేను” అంది చిన్నది పడుకునే, కన్నొకటి తెరిచి.

“నా లెక్క తప్పింది. లే.”

చిన్నది లేచింది. వైద్యశాస్త్రం విస్తుపోయే వేగంతో లేచింది. రిఫరీ జేబులోంచి పసుపు కార్డు తీసి చూపించింది. మూడు గోల్స్ వెనకబడి ఉండి కూడా కాలయాపన చేసిన ఘనత చిన్నదానికి దక్కింది. రిజర్వక్క గీత మీద ఇంకాస్త నిలబడింది. ఎవరూ వెళ్లమనలేదు. ఎదుటి జట్టు అమ్మాయి ఒకతి దూరం నుంచి బలంగా తన్నింది. చిన్నది ఎడమకు ఎగిరి పట్టుకుంది. అదే సమయానికి గీత ఇవతల రిజర్వక్క చేతులు కూడా ఎడమకే వెళ్లాయి. అవి ఖాళీగా తిరిగివచ్చాయి.

మ్యాచ్ అయ్యాక డ్రెస్సింగ్ రూములో చిన్నది ఏడుస్తూ కూర్చుంది.

“నన్ను తీసి నిన్ను దింపమని నేనే కోచ్‌గారికి ముందు చెప్పాల్సింది అక్కా.”

“చెప్తే తిట్టేవాడు. తిట్టించుకుని కూడా ఇదే జరిగేది. ఊరుకో. రెండో గోల్‌కి ముందుకు ఎందుకొచ్చావ్?”

“తప్పే.”

“ఉత్త తప్పు కాదు. గాడిద తప్పు.”

కోచ్ తలుపు దగ్గర ఆగాడు. రిజర్వక్క వైపు సరిగ్గా చూడటం ఆయనకు ఇదే మొదటిసారి కావచ్చు.

“నీ కాలు ఎలా ఉంది?” అని చిన్నదాన్ని అడిగాడు. తర్వాత రిజర్వక్కతో, కాస్త ఇబ్బందిగా, “వచ్చే గ్రూపు ఏడాదిన్నర తర్వాతంట. నువ్వు పొద్దున అన్నావు కదమ్మా, ఇదే ఆఖరని. అమ్మాయిలందరితో ఓ ఫొటో దిగుదాం, రా.”

రిజర్వక్క గ్లవ్స్ విప్పుతూ ఆగింది. మట్టి అంటని గ్లవ్స్. ఒకదాన్ని మళ్లీ తొడుక్కుంది.

“ఎవరు సార్” అంది, “నేనా అన్నది?”