సర్వర్ లేస్తూ చదువుకునే ఫైలు

ఆయుధపూజ నాడు మా ఆఫీసులో సర్వర్‌కు కూడా బొట్టు పెడతారు. రేవుకు వచ్చే బొగ్గు ఓడల వివరాలన్నీ ఉండే యంత్రం అది. ఏడాది పొడవునా ఆగదు. ఆ ఒక్క ఉదయం మాత్రం ఆయుధాలకు విశ్రాంతి అంటూ ఆపి, పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి మళ్ళీ ఆన్ చేస్తారు. దాన్ని చూసుకునే పని నాది. ఎన్నో ఏళ్ళుగా సభల్లో మూఢనమ్మకాల మీద విరుచుకుపడేవాణ్ణి కాబట్టి ఆ పూట క్యాంటీన్‌లో టీ తాగుతూ కూర్చునేవాణ్ణి.

ఒక ఏడాది సర్వర్ లేవలేదు.

నేను వెళ్ళేసరికి గదినిండా అగరొత్తుల పొగ. అత్యవసర స్థితిలో ఉన్నాను, పాస్‌వర్డ్ ఇవ్వండి అని తెరమీద తెల్లటి అక్షరాలు. ఎదురుగా మా కంప్యూటర్ ఆపరేటరు బిక్కమొహం వేసుకుని నిలబడి ఉంది. జాలరిపేట అమ్మాయి, చర్చికి వెళ్ళే కుటుంబం, కాంట్రాక్టు ఉద్యోగం. స్టోర్‌కీపరు చెబితే యంత్రాన్ని ఆపింది ఆమే.

"సెప్పులిప్పమంటే ఇప్పిందేటి బావా? అమ్మోరికి కోపం రాదా?" అన్నాడు స్టోర్‌కీపరు.

"అమ్మోరికి పాస్‌వర్డ్ ఎందుకు బావా?" అన్నాను.

మేనేజరు నవ్వలేదు. "ఎలా ఆపిందో ఏమో. వచ్చే నెల ఈమె కాంట్రాక్టు రెన్యువల్ ఉంది. ఆలోచించాల్సిందే" అని స్టోర్‌కీపర్ని వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు.

నేను ఆమె పక్షాన ఒక్క మాట అనలేదు. పైగా ఉపన్యాసం ఎత్తుకున్నాను. నడిచే యంత్రాన్ని బొట్టు కోసం ఆపారు, అదే ఈ అనర్థానికి కారణమని. ఆమె అంతా విని నెమ్మదిగా అడిగింది.

"సరైన కమాండ్‌తోనే ఆపాను మాస్టారూ. ఆగినప్పుడు ఏటీ అనలేదది. లేసీటప్పుడే గదా కూలబడింది? లేసీటప్పుడు ఏటి సెయ్యాలో దానికెక్కడ రాసుంటాది?"

ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగని ప్రశ్న. నిజమే, ఆగిన యంత్రానికి ఏదీ గుర్తుండదు. తనెవరో, ఏం చేయాలో డిస్కులో రాసిపెట్టిన కొన్ని చిన్న ఫైళ్ళు చదువుకుని తెలుసుకుంటుంది.

కుర్చీలు లాక్కుని కూర్చున్నాం. పాస్‌వర్డ్ కొట్టి ముందు బూట్ అనే డైరెక్టరీ తెరిచాను. యంత్రాన్ని లేపే బూట్‌లోడరు ఫైళ్ళు ఉండేది అక్కడే. అన్నీ ఉన్నాయి.

"ఇది చెడి ఉంటే ఈ తెల్ల అక్షరాలు కూడా వచ్చేవి కావు" అన్నాను.

"అయితే దీని తరవాత సదివిందేటో సూడండి."

తర్వాతది ఈటీసీ, సెట్టింగులు ఉండే డైరెక్టరీ. అందులో ఎఫ్‌స్టాబ్ అనే ఫైలు ఉంటుంది. లేస్తూ ఏయే డిస్కులు తగిలించుకోవాలో వరుసకు ఒకటి చొప్పున రాసి ఉంటుంది. "మా అయ్య బోటు దించీ ముందు తాడూ వలా ఇలాగే తడివి సూత్తాడు" అంటూ ఆమె తెరమీద వేలు పెట్టింది.

"ఈ డిస్కుంది. ఇదీ ఉంది. ఇదెక్కడుంది మాస్టారూ?"

అది ఆఖరి వరుస. అలాంటి డిస్కు యంత్రంలో లేదు. ఆ వరుస పైన ఒక గమనిక ఉంది. బ్యాకప్ కోసం తాత్కాలికంగా పెట్టింది, తీసెయ్యాలి. చివర నా పొడి అక్షరాలు.

వేసవిలో పని అయ్యాక డిస్కు పీకేశాను. వరుస తీయడం మరిచాను. నడుస్తున్న యంత్రం ఆ ఫైలు జోలికి పోదు. అందుకే నా తప్పు నెలల తరబడి చడీచప్పుడు లేకుండా కూర్చుంది. ఆ పొద్దున లేస్తూ, లేని డిస్కు కోసం ఒకటిన్నర నిమిషం ఎదురుచూసి యంత్రం చేతులెత్తేసింది. కరెంటు పోయి ఆగినా ఇదే జరిగేది. ముందు పూజ, వెనక యంత్రం చావు. ఒకదాని వెనక ఒకటి రావడం చూసి స్టోర్‌కీపరు అమ్మవారి కోపం అన్నాడు, అదే చూసి నేను మూఢనమ్మకం అన్నాను. ఫైలు తెరిచి చూడమన్నది ఆమె ఒక్కతే.

"మేనేజరు గారొచ్చీలోగా తీసెత్తే ఎవులికీ తెలీదు మాస్టారూ" అంది, నా మొహం చూసి. ఆమె నిర్దోషి అనడానికి ఉన్న సాక్ష్యం ఆ వరుసే.

తీయలేదు. మేనేజర్నీ స్టోర్‌కీపర్నీ పిలిచి చదవమన్నాను. స్టోర్‌కీపరు రెండుసార్లు చదివాడు.

"అయితే సెప్పులు ఎవులిప్పాల బావా?"

నవ్వబోయి సిగ్గుపడ్డాను. మేనేజరు ఆమె వైపు తిరిగి, "ఆ వరుస నువ్వే తియ్యమ్మా" అన్నాడు. తీసి మళ్ళీ ఆన్ చేసింది. యంత్రం లేచేదాకా నలుగురం తెర ముందే నిలబడ్డాం.

మరుసటి ఏడు ఆయుధపూజకు సర్వర్‌ను ఆపింది కూడా ఆమే. ఆపే ముందు ఆ ఫైలు తెరిచి ఒక్కో వరుసా పైకి చదివింది. ఆ పూట నేను క్యాంటీన్‌కు పోలేదు.